‘దేనికండీ?’ అని అడగని డబ్బు

మా నాన్న జీతం కవరు ఎప్పుడూ తాను విప్పేవారు కాదు. నెల మొదట్లో ఇంటికి రాగానే చొక్కా జేబులోంచి తీసి, అంటించింది అంటించినట్టే అమ్మ చేతిలో పెట్టేవారు. అమ్మ మంచం మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టి, విడివిడిగా కట్టలు కట్టి బీరువాలో దాచేది. ఇంటి అద్దె ఒక చోట, మా ఫీజులు ఒక చోట, అప్పు తీర్చాల్సినది ఇంకో చోట. చూసినవాళ్లంతా అమ్మతో “మీ ఆయన బంగారం, పైసా దాచుకోడు” అనేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

మర్నాడు పొద్దున్నే ఆ బంగారంలాంటి మనిషి గుమ్మం దగ్గర నిలబడేవారు. బయటికి వెళ్లడానికి అంతా సిద్ధమే, జుట్టు దువ్వుకుని, చేతికి వాచీ పెట్టుకుని. కానీ వెళ్లరు. తలుపు చెక్క మీద రెండు వేళ్లతో చిన్నగా కొడుతూ ఉండేవారు. ఆ చప్పుడు వినగానే అమ్మకు తెలిసిపోయేది. “దేనికండీ?” అనేది లోపలి నుంచే. అందులో కోపం లేదు, వెటకారం లేదు. లెక్క రాసుకోవాలి కాబట్టి అడిగేది, అంతే. “ఏదో, చిన్న పని” అనేవారు నాన్న. అమ్మ వచ్చి ఇచ్చేది. ఎంత అడిగితే అంతా ఇచ్చేది కూడా. ఎప్పుడూ లేదనలేదు.

ఆ ‘చిన్న పని’ ఏమిటో నాకు తెలుసు. నాన్నకు వాచీలు బాగుచేయడం సరదా. పాడైపోయిన చేతి వాచీలు ఎవరిదగ్గరున్నా తెచ్చుకునేవారు. సెలవు రోజున కిటికీ దగ్గర నల్లగుడ్డ పరుచుకుని, ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవారు. గుడ్డ నల్లగా ఎందుకుండాలో నాకు చెప్పింది ఆయనే. ఆవగింజలో సగం కూడా లేని మరలు తెల్లగుడ్డ మీద పడితే కనపడవట. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయని నన్ను కూడా నోరు మూసుకుని చూడమనేవారు. బ్యాలెన్స్ చక్రం ఆగి ఆగి, ఒక్కసారి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టినప్పుడు ఆయన మొహంలో కనిపించే వెలుగు నేను ఇంకెప్పుడూ చూడలేదు.

దానికి స్ప్రింగులు కావాలి, అద్దాలు కావాలి, పట్టీలు కావాలి. ఆ డబ్బు అడగడానికి నాన్నకు నోరు వచ్చేది కాదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఎక్కడికో వెళ్తూ, దిగాల్సిన చోటికి రెండు స్టాపుల ముందే బస్సు దిగిపోయారు. “ఇక్కడెందుకు దిగాం నాన్నా?” అన్నాను. “నడుద్దాం, ఒళ్లు తేలికపడుతుంది” అన్నారు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. అప్పుడు అర్థమైంది, దారిఖర్చుల్లోంచి మిగిల్చుకుంటున్నారని. అమ్మకు చెప్పొద్దని ఆయన అనలేదు. నా చేతిని కాస్త గట్టిగా పట్టుకున్నారు, అంతే. నేను చెప్పలేదు.

నెలంతా సంపాదించింది ఆయనే, మొత్తం తెచ్చి ఇచ్చిందీ ఆయనే. ఒక గడియారం అద్దం కోసం రెండు మైళ్లు నడిచిందీ ఆయనే. చిన్నప్పుడు దీన్ని నేను త్యాగం అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత జాన్ పాల్ అనే బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త గురించి చదివాను. భార్యాభర్తలు ఇంట్లో డబ్బు ఎలా నడుపుతారో 1980ల్లో ఆవిడ పరిశోధించి కొన్ని పద్ధతులుగా విడదీసింది. జీతం మొత్తం ఒకరి చేతిలో పెట్టేయడం ఒకటి. ఇంటిఖర్చుకని ఇంత అని లెక్కగట్టి ఇచ్చి మిగతాది తన దగ్గరే ఉంచుకోవడం ఒకటి. ఇద్దరిదీ ఒకచోట కలిపి ఇద్దరూ తీసుకోవడం ఒకటి. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుకోవడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో కూడా మామూలుగా జీతం తెచ్చే మనిషి తన చేతిఖర్చు తీసి పక్కన పెట్టుకున్నాకే మిగతాది ఇస్తాడు. అది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంట్లో లేనిది సరిగ్గా ఆ ఒక్క ముక్కే.

నా పెళ్లయ్యాక నేనూ, మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లం. ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో పడేలా పెట్టుకున్నాం. ‘నీదీ నాదీ ఏమిటి, అంతా మనదే కదా’ అని మనస్ఫూర్తిగా అనుకున్నాం. లెక్కలు నాకు బాగా వచ్చు కాబట్టి పుస్తకం నా చేతికొచ్చింది. ఎవరూ నిర్ణయించలేదు, దానంతటదే వచ్చింది. ఖాతాకు నా ఫోన్ నంబరే ఇచ్చాం కాబట్టి డబ్బు ఎవరు తీసినా, కార్డు ఎవరు గీసినా మెసేజ్ నా ఫోన్‌కే వచ్చేది.

ఆ మెసేజ్‌లు ఎంత పని చేశాయో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. మా ఆయన ఎక్కడో ఏదో కొన్న నిమిషంలో ఇక్కడ నా ఫోన్ టింగుమనేది. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి నా ప్రశ్న సిద్ధంగా ఉండేది. గొడవ పెట్టుకోవాలని కాదు. పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో తెలియాలి కదా. “దేనికండీ?” అనేదాన్ని.

పెళ్లయిన మూడో ఏడు అనుకుంటాను. ఒక సాయంత్రం అలాగే అడిగాను. చిన్న మొత్తమే. ఆయన సంచిలోంచి ఒక సిరా సీసా తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు ఫౌంటెన్ పెన్నులంటే ప్రాణం. ముదురు నీలం సిరా, సీసా చిన్నది, చదరంగా ఉంది. “పాతది అడుగంటింది. అడుగున చిక్కబడి పాళీ పట్టేస్తోంది. పెన్ను పాడైతే కొత్త పెన్ను కొనాలి, దానికంటే ఇది నయం. నిజానికి పోయిన నెలలోనే కొనాల్సింది, ఆగాను. పెద్ద సీసా తీసుకోలేదు, చిన్నదే తీసుకున్నాను…” ఆయన చెబుతూనే ఉన్నారు. చెబుతూ సీసా మీద అంటించిన కాగితాన్ని బొటనవేలి గోటితో గీకుతున్నారు. కాగితం అంచు లేచి చుట్టుకుపోయింది.

ఒక సిరా సీసాకి అంత సంజాయిషీ. నేను ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, అయినా ఆయన కళ్లు నా మొహం మీద లేవు. గుమ్మం దగ్గర తలుపు చెక్క మీద ఆడిన రెండు వేళ్లు కళ్లముందు కదిలాయి. అమ్మ గొంతు నా గొంతులో ఉంది. అదే మాట, అదే మెత్తదనం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన కూడా మేలుకునే ఉన్నారు. చీకట్లో నేనే కదిపాను, “నేను అడగడం మీకు కష్టంగా ఉంటోందా?” అని. కాసేపు ఊరుకుని, “అడగడం కాదు. నువ్వు నీకోసం ఏదీ కొనుక్కోవు చూడు, అది కష్టంగా ఉంటుంది. నేను ఏది కొన్నా తప్పు చేసినట్టు ఉంటుంది” అన్నారు.

ఆ మాట నాకు తగిలింది. నాకోసం ఏమీ కొనుక్కోకపోవడాన్ని నేను నా సుగుణంగా పెట్టుకున్నాను. లోపల్లోపల దాన్ని లెక్కలో కూడా వేసుకున్నాను. ఎప్పుడైనా మాటా మాటా వస్తే ‘నేనేం కొనుక్కున్నాను?’ అనడానికి పనికొస్తుందని. రెండు మూడుసార్లు అన్నాను కూడా.

ఆ వారం సెలవు రోజున ఇద్దరం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ఇద్దరికీ లెక్క చెప్పక్కర్లేని డబ్బు కొంత ఉండాలి, అక్కడి వరకూ తేలిగ్గానే ఒప్పుకున్నాం. దానికి ‘చేతిఖర్చు’ అని పేరు పెట్టాం. ఎంత అన్న దగ్గరే ఆగిపోయాం. అమెరికాలో న్యాయశాస్త్రం బోధించిన ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురు అమీలియా వారెన్ త్యాగీ 2005లో ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఆయనకు తెలుసు. చేతికొచ్చిన జీతంలో 50 శాతం తప్పనిసరి అవసరాలకు, 30 శాతం ఇష్టాలకు, 20 శాతం పొదుపుకూ అప్పులు తీర్చడానికీ. ఆయన ఉత్సాహంగా “చూశావా, 30 శాతం!” అన్నారు. కానీ మా పుస్తకం వేరేగా ఉంది. తప్పనిసరి ఖర్చులకే 60 దాటుతోంది. పైగా ఆ 30లో ఇద్దరం కలిసి చేసే సరదాలు కూడా ఉంటాయి. ప్రయాణాలు, ఇంటికి కొనే వస్తువులు, ఇంటికొచ్చినవాళ్ల కోసం పెట్టే ఖర్చు, అన్నీ అందులోవే. అవన్నీ పోగా నికరంగా ఒక్కొక్కరికి మిగిలేది వేరు.

అందుకని కింది నుంచి లెక్కకట్టాం. అద్దె, బిల్లులు, అప్పు వాయిదా. ఏడాదికొకసారి మీదపడే బీమా, ఫీజులు, రిపేర్లు అన్నీ కూడి పన్నెండుతో భాగించి నెలకింత. ఆర్నెల్ల ఖర్చులకు సరిపడా ఆపద్ధర్మ నిధి అప్పటికి సగమే అయింది కాబట్టి దానికింత. పొదుపుకింత. ఇవన్నీ పోయాక మిగిలినదాంట్లోంచి మొత్తం ఆదాయంలో 6 శాతం చేతిఖర్చులకు తీయొచ్చని తేలింది. అంటే నూరు వస్తే ఆరు. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఆ అంకె చుట్టూ నేను పెన్నుతో సున్నా చుట్టినప్పుడు మా ఆయన ‘హమ్మయ్య’ అని వెనక్కి వాలారు.

మొదట మేం చేసిన తప్పు ఆ ఆరును జీతాల్ని బట్టి పంచుకోవడం. అప్పట్లో ఆయన జీతం నాదానికి ఒకటిన్నర రెట్లు. ఎవరు తెచ్చినదాన్ని బట్టి వాళ్లకు, ఇదే న్యాయం అనిపించి ఆయన 3.6, నేను 2.4 అనుకున్నాం. ఈ ప్రతిపాదన చేసింది నేనే. రెండో నెలకే తేడా తెలిసింది. ఏదైనా చూసి నచ్చినప్పుడు ‘నాకు తక్కువ కదా’ అన్న మాట మనసులో మెదిలేది. అద్దెకు ఇంతని వాటా వేసుకోవడం వేరు. ఒక మనిషి ఇష్టానికి ఇంకో మనిషి ఇష్టం కంటే ఎక్కువ విలువ కట్టడం వేరు. ఆయన ఇష్టాలు నా ఇష్టాల కంటే ఒకటిన్నర రెట్లు ముఖ్యమైనవి అని మా పుస్తకం చెబుతున్నట్టుండేది. నాలుగో నెల నుంచి మూడూ మూడూ చేశాం. అప్పటి నుంచి ఇప్పటి వరకూ ఆ సమానం మారలేదు. అంకెలు మారాయి, సమానం మారలేదు.

అంతకంటే పెద్ద తలనొప్పి ఏది చేతిఖర్చు, ఏది ఇంటిఖర్చు అన్నది. దీనికి నిజంగా మూడు నెలలు పట్టింది. చేతిఖర్చులు పెట్టుకున్న మా చుట్టాల్లో ఒక జంట మధ్యలోనే వదిలేశారు. కారణం ఇదే అని నాకు తర్వాత తెలిసింది. క్షవరం దేని కిందికి వస్తుంది? కళ్లజోడు? ఉద్యోగానికి వేసుకెళ్లే బట్టలు? ఆఫీసులో ఎవరో మానేసి వెళ్తుంటే వీడ్కోలు కానుకకు అందరూ వేసుకునే చందా? మొదటి నెలలో ఆయన క్షవరం, నా ఆఫీసు చెప్పులు, ఇద్దరి ఫోన్ బిల్లులు అన్నీ చేతిఖర్చులోంచే పోయాయి. చివరికి ఇద్దరి చేతుల్లోనూ ఏమీ మిగల్లేదు. పేరుకే సొంత డబ్బు, అన్నీ తప్పని ఖర్చులే.

అప్పుడు ఒక కొలత పెట్టుకున్నాం. ఇది మానేస్తే ఆరోగ్యానికో, ఉద్యోగానికో, ఇంటికో దెబ్బ తగులుతుందా? తగిలితే ఇంటిఖర్చు. తగలకపోతే, మనకు ఇష్టం కాబట్టి చేస్తుంటే, చేతిఖర్చు. కళ్లజోడు ఇంటిఖర్చు. ఉన్నది బాగానే ఉండగా ఫ్రేము నచ్చి మార్చుకుంటే చేతిఖర్చు. ఆఫీసుకు ఏడాదికి ఇన్ని జతల బట్టలు ఇంటిఖర్చు, ఆపైన చేతిఖర్చు. అన్నిటికంటే ముందు తేల్చుకున్నది ఇద్దరి అమ్మానాన్నలకు పంపే డబ్బు. అది ఎవరి చేతిఖర్చులోంచీ పోకూడదు, ఇంటిఖర్చే, ఇద్దరి తరఫువాళ్లకీ. అది గనక సొంత డబ్బులోంచి అన్నామంటే ఒక మనిషి తన ఇష్టానికీ, కన్నవాళ్లకీ మధ్య ప్రతి నెలా తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ పరీక్ష ఎవరికీ పెట్టకూడదు అనుకున్నాం. ఆ ఒక్క నిర్ణయం ఎన్ని గొడవల్ని మొదట్లోనే తుంచేసిందో.

ఒకరికొకరం ఇచ్చుకునే కానుకలు మాత్రం చేతిఖర్చులోంచే. ఉమ్మడి ఖాతాలోంచి కొని ఇస్తే అందులో సగం నాదే కదా, కానుక ఏముంది? ఇది ఆయన పెట్టిన నియమం. నాకెంతో నచ్చింది.

మెసేజ్‌ల సంగతి కూడా తేల్చాం. చెరొక ఖాతా తెరిచాం. ఒకటో తారీఖున ఉమ్మడి ఖాతాలోంచి చేతిఖర్చు దానంతటదే ఆ రెండింట్లోకీ వెళ్లిపోతుంది. ఆయన ఖాతా మెసేజ్ ఆయనకే, నాది నాకే. అడగను అని మాటిచ్చినంత మాత్రాన చాలదని ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను. కంటపడితే అడగాలనిపిస్తుంది. అడగకపోయినా కనుబొమ్మ కదులుతుంది. అసలు కంటపడకుండా చేసుకోవడమే మేలు. డబ్బుకు మనుషులు మనసులో విడివిడి అరలు కడతారని అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ చెప్పాడు. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. విలువ ఒకటే అయినా ఏ అరలో ఉంటే ఆ అర మర్యాద దానికి వస్తుంది. మా అమ్మ బీరువాలో కట్టిన కట్టలు అవే అరలు. అందులో నాన్నకో కట్ట, తనకో కట్ట లేవు, అంతే తేడా.

మిగిలిన డబ్బు మాటేమిటి అన్నది ఇంకో చర్చ. నెలాఖరుకు ఖర్చు కాని చేతిఖర్చు తిరిగి ఉమ్మడిలో కలిపేద్దాం అన్నాను నేను. ఆయన ససేమిరా అన్నారు. “మిగిల్చినదాన్ని లాక్కుంటే ఎవరు మిగులుస్తారు? నెలాఖరున ఏదో ఒకటి కొనేస్తారు” అన్నారు. నిజమే. ఎంతకాలం దాచుకున్నా ఎవరిది వాళ్లదే అని రాసుకున్నాం. వచ్చే నెలది ముందే వాడుకోవడం కుదరదు అని కూడా రాసుకున్నాం.

నాకు ఆ డబ్బు ఖర్చుపెట్టడం రాలేదు. నిజంగా రాలేదు. మొదటి నెల పిల్లకు బొమ్మల పుస్తకాలు కొన్నాను. ఆయన చూసి, “ఇది ఇంటిఖర్చు, పుస్తకంలో రాసెయ్. నీ డబ్బు నీకు వేసేస్తాను” అన్నారు. రెండో నెల కిటికీలకు కర్టెన్లు. “ఇదీ ఇంటిదే” అన్నారు. మూడో నెల ఏమీ కొనలేదు. నాలుగో నెల కూడా. నాకేం ఇష్టమో నాకు తెలియడం లేదని అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషిని, నా ఇష్టం ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు సరే, నేనైనా అడుక్కోలేదు. ఒక దుకాణంలో నిలబడి, వస్తువు చేతిలోకి తీసుకుని, ‘ఇది ఎవరికి పనికొస్తుంది?’ అని కాకుండా ‘ఇది నాకు కావాలా?’ అని అనుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

చివరికి నేను కొనుక్కున్నది ఒక చదువుకునే దీపం. మెడ ఎటు వంచితే అటు వంగుతుంది. వెలుతురు సరిగ్గా పుస్తకం పేజీ మీద గుండ్రంగా పడుతుంది, పక్కన పడుకున్నవాళ్ల కళ్లలో పడదు. పదకొండు నెలల చేతిఖర్చు కూడబెట్టి, అన్నిటిలోకీ మంచిది కొన్నాను. చవకది దొరికేది. ఇంటి డబ్బుతో కొనాల్సి వస్తే తప్పకుండా చవకదే కొనేదాన్ని. ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టి మీట నొక్కాను. మా ఆయన చూశారు. “బాగుంది” అన్నారు. ఎంత అని అడగలేదు. ఆ ‘ఎంత’ వినపడకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో. అప్పుడు అర్థమైంది, సిరా సీసా రోజున ఆయనకు నేను ఇవ్వనిది ఏమిటో.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా వాడుకున్నవాళ్లను చూశాను. లెక్క అడగం అన్నది చేతిలో ఉన్న డబ్బు వరకే. అప్పు దాని కిందికి రాదు. మాకు బాగా దగ్గరి వాళ్లింట్లో ‘నా సొంత ఖర్చు’ అనే మాట చాటున క్రెడిట్ కార్డుల బాకీ పెరిగి పెరిగి ఒకరోజు బయటపడింది. అది ఇద్దరి మెడకూ చుట్టుకుంది. అందుకని చేతిఖర్చుకు కార్డు మీద అప్పు వాడకూడదు, బయట ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే అదే రోజు చెప్పాలి అన్నది మా పుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది. ఆ ఎర్ర సిరా కూడా ఆయన చేతిఖర్చులోంచి కొన్నదే.

ఆ తర్వాత నేను ఉద్యోగం మానాల్సి వచ్చింది. రెండో కాన్పు కష్టమై పదిహేను నెలలు ఇంట్లో ఉన్నాను. ఆదాయం దాదాపు సగానికి పడింది. నేనే పుస్తకం తెచ్చి, నా చేతిఖర్చు దగ్గర సున్నా వేసి ఆయన ముందు పెట్టాను. “నేనిప్పుడు తేవడం లేదు కదా. మీది అలాగే ఉంచుదాం, మీరు బయటికి వెళ్లే మనిషి” అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, కానీ చెయ్యి పుస్తకం మీంచి తీయలేకపోయాను. ఆయన పెన్ను తీసి ఆ సున్నా కొట్టేశారు. ఇద్దరి అంకెనూ మూడు నుంచి ఒకటికి దించి రాశారు. “తగ్గితే ఇద్దరికీ తగ్గాలి. సున్నా మాత్రం వద్దు. నువ్వు నా దగ్గరికొచ్చి అడిగే రోజు నాకొద్దు” అన్నారు.

ఆ పదిహేను నెలలూ ఒకటో తారీఖున నా ఖాతాలో ఆ ఒక్క శాతం పడుతూనే ఉంది. చాలా చిన్న మొత్తం. పిల్లను భుజాన వేసుకుని, నిద్ర లేక కళ్లు మండుతున్నప్పుడు ఆ మెసేజ్ వచ్చేది. ఒకప్పుడు ఆయన్ని నిలదీయడానికి పనికొచ్చిన అదే టింగుమనే చప్పుడు. నేను తెచ్చినా తేకపోయినా ఈ ఇంట్లో నా చోటు నాకుంది అని చెబుతున్నట్టుండేది.

అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చేసింది ఈమధ్యే. ఒకరోజు నేను నెల లెక్కలు వేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. చేతిఖర్చు అన్న పద్దు మీద వేలు పెట్టి “ఇదేమిటే?” అంది. చెప్పాను. నాన్న వేళ్ల చప్పుడు సంగతీ, రెండు స్టాపుల ముందు దిగడం సంగతీ కూడా ఇన్నేళ్ల తర్వాత చెప్పేశాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. “నడిచేవారా?” అంది చివరికి. ఆ తర్వాత ఇంకో మాట అంది. “డబ్బంతా నా చేతిలో ఉండేదని మీరంతా అనుకున్నారు. అందులో నాదని చెప్పుకోవడానికి ఏదీ లేదే. ఆయన అడిగి తీసుకునేవారు. నేను ఎవర్ని అడగాలి?”

నేను నాన్న వైపు నుంచే చూస్తూ పెరిగాను. అడిగించుకునే మనిషికి అధికారం ఉంటుందనుకున్నాను. తాళాలు ఉండటం వేరు, డబ్బు ఉండటం వేరు. ఇంగ్లండ్‌లో 1943లో ఒక కేసు నడిచింది. ఇంటిఖర్చుకని భర్త ఇచ్చిన డబ్బులోంచి ఒకావిడ పొదుపుగా మిగిల్చి సహకార సంఘంలో తన పేరున దాచుకుంటే, అది భర్తదే అని కోర్టు తేల్చింది. అలా మిగిల్చిన దాంట్లో ఇద్దరికీ చెరి సగం హక్కు ఉంటుందని చట్టం వచ్చింది 1964లో. అమ్మకు ఈ సంగతి చెబితే, “దాచుకున్నా ఆవిడది కాదన్నారా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. తనకు సంబంధించిన విషయం అడిగినట్టే అడిగింది.

ఆ నెల నుంచి నాన్న పెన్షన్‌లోంచి రెండు కవర్లు తీస్తున్నాం. ఫోన్లో డబ్బు వాళ్లకు ఆనదు, చేతికి నోట్లు తగలాలి. ఒకదాని మీద నాన్న పేరు, ఒకదాని మీద అమ్మ పేరు. రెండింట్లో ఒకే మొత్తం. మొదటిసారి అమ్మ తన కవరు తీసుకెళ్లి బీరువాలో ఇంటిఖర్చు డబ్బుతో కలిపేసింది. నేను వెళ్లి విడదీసి మళ్లీ చేతిలో పెట్టాను. “ఏం చేసుకోనే దీన్ని?” అంది. నాకు నా నాలుగో నెల గుర్తొచ్చింది. “దాచుకో. తొందరేం లేదు” అన్నాను.

పోయిన వారం నాన్న మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లారు. వెళ్లడమూ రావడమూ ఆటోలోనే. కిటికీ దగ్గర నల్లగుడ్డ పరిచి, జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పుతున్నారు. కాగితం మడతల్లో గుండ్రంగా ఒక గడియారం అద్దం, గోరంత. అమ్మ చూసింది.

“దేని…” అని ఆగిపోయింది.

నాన్న తలెత్తి చూశారు. చేతులిప్పుడు కాస్త వణుకుతాయి, అయినా భూతద్దం తీసి అమ్మ చేతికిచ్చి, కుర్చీ పక్కకు జరిపారు. అమ్మ కూర్చుంది. భూతద్దం కంటికి పెట్టుకుని, మరలు ఎగిరిపోకుండా ఊపిరి బిగబట్టి వంగి చూస్తోంది.